రాహుకాలం తాళం

మనోజ్ఞను చంపడానికి బయ్యర్ తుపాకీ తీయలేదు. విషం కలపలేదు. మంగళవారం మధ్యాహ్నం, మూడు కొట్టడానికి కాస్త ముందు, ఆమెను పూల కోల్డ్ రూమ్‌లోకి పంపి వెనక నుంచి తలుపు మూశాడు. అంతే. మిగతా పని తలుపు మీది తాళం చూసుకుంటుంది.

"ఇక ఈ ద్వారం సమీపానికి ఎవరూ రారాదు" అని గుమ్మంలో ఉన్న ఇద్దరు బౌన్సర్లకు చెప్పి, వ్యాన్‌లోకి ఎక్కుతున్న గులాబీ పెట్టెల్ని చూసుకోవడానికి బయటికి నడిచాడు.

ఈయనగారి తెలుగు అలాగే ఉంటుంది. సముద్రం అవతల ఏదో దేశపు గూఢచారి సంస్థ పుస్తకాలు ముందేసి నేర్పించి పంపింది. మొయినాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే రోడ్డు మీద ఉన్న ఆ ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే ఆడవాళ్లు అతన్ని 'వార్తల సాబ్' అంటారు. మిగతావాళ్లకు బయ్యర్. పూలు కొని విమానంలో పంపిస్తాడు కదా, అందుకు. పూలతోపాటు ఇంకేం పంపిస్తున్నాడో కనిపెట్టినవాళ్లు ముగ్గురే. ఒకరు ఇప్పుడు కోల్డ్ రూమ్‌లో ఉన్నారు. ఇంకొకరు హైదరాబాద్‌లో బోర్డు లేని ఒక ఆఫీసులో ఉన్నారు. మూడోవాడు షెడ్డు బయట స్తంభానికి నిచ్చెన వేసుకుని, పొద్దున తను తెంపిన ఇంటర్నెట్ వైరును తనే వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు.

ఆ మూడోవాడే ఏజెంట్ బాలప్ప. గూఢచారి అనగానే మీకు సూటూ బూటూ కావాలి, నాకు తెలుసు. ఏం చేయమంటారు చెప్పండి? ఇతనికి ఉన్నవల్లా శంకర్‌పల్లి యాస, ఒక పాత మోపెడ్, భుజాన కేబుల్ చుట్ట. మారువేషంలో పేరు కుమార్, ఫార్మ్‌హౌసులకు నెట్ కనెక్షన్లు ఇచ్చే మెకానిక్. కానీ వేషం మాత్రం మామూలుది కాదు. నెట్ బాగుచేసేవాడిని ఏ గేటూ ఆపదు. 'ఇంతసేపా రావడానికి' అని తిట్టి మరీ లోపలికి లాక్కుపోతారు.

ఆ రోజు పని చిన్నదే. ఒక రక్షణ ల్యాబ్ నుంచి దొంగిలించిన డిజైన్లు గోరంత చిప్‌లో ఎక్కించి, గులాబీల పెట్టెలో దాచారు. సాయంత్రం అది విమానం ఎక్కాలి. ఎక్కేలోపు మనోజ్ఞ దాన్ని తీసి, నెట్ రిపేరుకు వచ్చిన బాలప్పకు అందించాలి.

మనోజ్ఞ అజీజ్‌నగర్ ఫార్మ్‌హౌసుల్లో పెళ్లిళ్లకు పూల డెకరేషన్ చేయించే ఈవెంట్ మేనేజర్. పట్టుచీర, నల్లద్దాలు, చేతిలో రెండు ఫోన్లు. ఆమె మండపంలోకి వస్తే ఫొటోగ్రాఫర్లు పెళ్లికూతురిని మర్చిపోయేవారు. ఆమె తన మనిషని బయ్యర్ అనుకున్నాడు. తన మనిషని బాలప్పా అనుకున్నాడు. ఆమె ఇద్దరి ఫోనూ నవ్వుతూనే ఎత్తేది. ఆమెను ఈ ఊబిలోకి దింపింది మాత్రం బాలప్పే. "రెండు మూడుసార్లు పోయొస్తే సాలు, నీకేం గాదు" అని తన నోటితోనే అన్నాడు. ఆ మాట అన్నప్పటినుంచి అతనికి కంటినిండా నిద్ర లేదు.

బాలప్ప నిచ్చెన దిగి షెడ్డులోకి వచ్చాడు. బల్ల దగ్గర అంతమ్మ గులాబీల ముళ్లు తీస్తోంది. తలెత్తకుండానే మెల్లగా పిలిచింది.

"కుమారూ, జర ఇటు రా బిడ్డా."

"ఏందవ్వా?"

"గా డెకరేషన్ మేడం లోపటికి పోయింది. వార్తల సాబ్ తలుపేసిండు. ఇంక రాలే. పొగలొచ్చే మంచు పెట్టెలు గూడ లోపటనే పెట్టిచ్చిండు. గవి ఎప్పుడు బయటనే ఉంటుండె. నాకెందుకో మంచిగనిపిస్తలేదు."

పొగలొచ్చే మంచు అంటే డ్రై ఐస్. అది కరిగి నీళ్లు కాదు, నేరుగా గ్యాస్ అయిపోతుంది. మూసిన గదిలో ఆ గ్యాస్ నేల మీద నుంచి పైకి నిండుకుంటూ వస్తుంది, ఊపిరి ఆడనివ్వదు. రేపు పొద్దున తలుపు తీసి 'అయ్యో, పొరపాటున ఇరుక్కుపోయింది' అంటారు. హత్య అనడానికి చిన్న గీత కూడా దొరకదు.

ఫోన్ తీసి డయల్ చేశాడు. బౌన్సర్లకు వినపడేలా, విసుగ్గా అన్నాడు. "మేడం, వైర్ తెగింది. ఇక్కడ్నే."

'వైర్ తెగింది' అంటే మన మనిషి ప్రాణం మీదికి వచ్చిందని. అవతల బోర్డు లేని ఆఫీసులో ఉన్నది డిపార్ట్‌మెంట్ చీఫ్ కృష్ణవేణి.

"బాలప్పా, విను. మధ్యాహ్నం బయ్యర్ ఫోన్ మేం ట్యాప్ చేశాం. అతను లైన్లో ఉండగానే పక్కనుంచి ఆ అమ్మాయి నీ పేరు చెప్పేసింది. బాలప్ప అనేవాడు ఈ రోజు వస్తాడని. రికార్డింగ్ నా దగ్గరుంది."

బాలప్ప బౌన్సర్ల వైపు ఓరగా చూసి, ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

"బయటికి వచ్చెయ్. ఆ వ్యాన్ ఎయిర్‌పోర్టుకు పోనీ, అక్కడ చిప్ ఎవరు తీసుకుంటారో చూసి అందర్నీ ఒకేసారి పట్టుకుంటాం. నువ్వు చప్పుడు చేస్తే ఆపరేషన్ మొత్తం పోతుంది. ఆమె సంగతి వదిలెయ్. ఇది ఆర్డర్."

"సరే మేడం" అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. గేటు వైపు రెండడుగులు వేశాడు కూడా. ఇక్కడ అబద్ధం చెప్పను, ఆ రెండడుగులు అతను నిజంగానే వేశాడు. ఎవడికైనా ప్రాణం తీపి. పైగా తనను అమ్మేసిన మనిషి. కోపం, భయం, సిగ్గు అన్నీ ఒకేసారి ముంచుకొచ్చాయి. అప్పుడు కోల్డ్ రూమ్ వైపు నుంచి ఏదో తట్టినట్టు వినిపించింది. మందపాటి ఇనుప తలుపు కాబట్టి చాలా చిన్నగా వినిపించింది. ఇంకోసారి తట్టింది. ఆ తర్వాత వినపడలేదు.

బాలప్ప వెనక్కి తిరిగి ఆఫీసు గదిలోకి వెళ్లాడు.

అక్కడ షెడ్డు యజమాని రామేశ్వర్ మజ్జిగ తాగుతున్నాడు. చేవెళ్లలో మూడు తరాల వ్యాపారం వాళ్లది. మనిషి భారీ, నుదుటి మీద కుంకుమ బొట్టూ భారీయే. బయ్యర్ నిజంగా పూలు కొనేవాడేనని నమ్మినవాడు.

"నెట్ ఎప్పుడొస్తది కుమార్? పొద్దుగాల్నించి సతాయిస్తున్నది."

"వస్తది సేఠ్. గా కోల్డ్ రూమ్ తలుపు ఎప్పుడు తీస్తరు?"

"ఇప్పుడెట్ల తీస్తం? మంగళవారం. మూడు నుంచి నాలుగున్నర దాంక రాహుకాలం. నాలుగు దాటితే లోడింగ్ బంద్. ఇగ రేప్పొద్దుగాల ఆరుకే." రామేశ్వర్ ముఖం వెలిగింది. "మా తాతల కాడికెల్లి రాహుకాలంల దుకాణం తాళం తియ్యం. గీ తాళం పెట్టించేటప్పుడు బయ్యర్ సాబ్‌తోని అదే చెప్పిన. పాపం, నా మాట మన్నించి రాహుకాలం మొత్తం అండ్లనే ఎక్కించిండు. ఇప్పుడు నేను నంబర్ కొట్టినా తీయదు. నేనే తీయొద్దన్న."

అదీ సంగతి. ఈ జిల్లాలో తప్ప ఇంకెక్కడైనా ఇలాంటి తాళం ఉంటుందా? ఒక వ్యాపారి ఆచారాన్ని బయ్యర్ రోజూ గంటన్నర పనిచేసే ఆయుధంగా మార్చుకున్నాడు.

బాలప్ప తలుపు దగ్గరగా వేసి, వంగి, రామేశ్వర్ చెవిలో చెప్పాడు. "లోపట మనిషున్నది సేఠ్. మనోజ్ఞ. డ్రై ఐస్ పెట్టి మూసిండు మీ బయ్యర్."

రామేశ్వర్ చేతిలో గ్లాసు వంకరైంది. మజ్జిగ ఒళ్లో పడినా చూసుకోలేదు. "లోపట ఎవ్వరు లేరని నాతోని చెప్పిండు గదరా."

"నేను నెట్ మెకానిక్‌ను గాను. పోలీసోన్ని అనుకోండ్రి."

"నా రాహుకాలం ఆడమనిషిని మింగుతదా?" అని లేవబోయాడు. "గొడ్డలి తెస్త, పలగ్గొడ్త."

"కూసోండ్రి. గా ఇనుప తలుపు మీ గొడ్డలికి వంగదు. ఆ ఇద్దరి నడుముల పిస్తోళ్లున్నయి. కరెంటు తీసినా గడియ అట్లనే ఉంటది. తాళం తనంతట తనే తీయాలె."

"అదెట్ల తీస్తది?"

"ఇప్పుడు రాహుకాలం గాదని నమ్మాలె."

రామేశ్వర్ నోరు తెరుచుకుని చూశాడు. మీరూ చూస్తున్నారేమో, చెప్తాను. ఆ తాళం లోపల వేలెడంత వైఫై బోర్డు ఉంది. దాని దగ్గర సొంత గడియారం లేదు. కరెంటు ఉన్నంతసేపు లెక్కపెట్టుకుంటుంది, కరెంటు పోయి వచ్చిందంటే బుర్ర ఖాళీ. ఇది పందొమ్మిది వందల డెబ్బై, జనవరి ఒకటో తారీకు అనుకుంటుంది. అప్పుడు గబగబా వైఫై పట్టుకుని, ఇంటర్నెట్‌లో టైమ్ చెప్పే సర్వర్‌ను 'ఇప్పుడెంతైంది' అని అడుగుతుంది. వచ్చిన ప్రపంచ టైమ్‌కు ఐదున్నర గంటలు కలిపి మన టైమ్ చేసుకుంటుంది. జవాబు రాకపోతే తలుపు తీయదు. వస్తే మాత్రం, చెప్పింది ఎవరని అడగదు. అంత అమాయకపు బోర్డును నమ్ముకుని బయ్యర్ హత్య చేస్తున్నాడు.

బాలప్ప బ్యాగులోంచి అగ్గిపెట్టె తీశాడు. డిపార్ట్‌మెంట్ వాళ్లు ఇచ్చిన ఒకే ఒక్క గ్యాడ్జెట్ అది. లోపల అలాంటి బోర్డే ఇంకోటి ఉంది, టైమ్ అడిగితే మనం చెప్పమన్న టైమ్ చెబుతుంది. రౌటర్ పెట్టిందీ పాస్‌వర్డ్ పెట్టిందీ బాలప్పే కాబట్టి లోపలికి వెళ్లడం కష్టం కాలేదు. టైమ్ అడిగిన వాళ్లందర్నీ అగ్గిపెట్టె దగ్గరికి పంపమని సెట్టింగ్ మార్చాడు. బయట వైరు తెగే ఉంది, కాబట్టి నిజం చెప్పడానికి ఎవరూ రారు.

"పొద్దున పదయిందని చెప్త" అన్నాడు. పదిలోంచి ఐదున్నర తీసేసి, నాలుగున్నర అని ఎక్కించాడు. "సేఠ్, మెయిన్ స్విచ్ కట్టేసి మళ్ల ఎయ్యాలె. తర్వాత మీరు తలుపు దగ్గర నంబర్ కొట్టాలె. ఎట్ల పోతరు?"

రామేశ్వర్ చెమట తుడుచుకున్నాడు. "మంగళవారం రాహుకాలంల అమ్మవారికి నిమ్మకాయ దీపం పెడ్త. తలుపు మీదనే దుర్గమ్మ ఫొటో ఉన్నది. వాళ్లు వారం వారం చూసేదే, ఏమనరు."

మెయిన్ పడింది. ఫ్యాన్లు ఆగాయి. "ఏం గాలే, మోటరు గుర్రుమంటున్నది, జర ఆగుండ్రి" అని రామేశ్వర్ అరిచాడు. మళ్లీ కరెంటు వచ్చింది. తాళం మీద చిన్న లైటు ఎర్రగా వెలిగి కొట్టుకోవడం మొదలుపెట్టింది. రౌటర్ తెర మీద బోర్డు పేరు కనిపించింది, టైమ్ అడిగింది, అగ్గిపెట్టె నాలుగున్నర అని చెప్పింది.

రామేశ్వర్ రెండు నిమ్మకాయ దీపాల పళ్లెంతో వెళ్లి గడప దగ్గర పెట్టాడు. ఫొటోకు దండం పెట్టి, ఒళ్లు అడ్డం పెట్టుకుని నంబర్ కొట్టాడు. లైటు ఎర్రగానే ఉంది. మళ్లీ కొట్టాడు. ఎరుపే. లెక్క తప్పిందా? బాలప్ప వేళ్ల మీద మళ్లీ లెక్కేశాడు. తప్పలేదు.

రామేశ్వర్ కాళ్లీడ్చుకుంటూ వెనక్కి వచ్చాడు. "ఎంతని చెప్పినవ్?"

"పొద్దున పది."

"మంగళవారం పదా?" ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "యమగండం గదరా బాబూ! తొమ్మిది నుంచి పదిన్నర దాంక."

"యమగండం గూడ పెట్టించినరా?"

"పెట్టించకుంట ఎట్లుంట? దుర్ముహూర్తం గూడ పెట్టుమన్న, డబ్బల పట్టదన్నడు."

బాలప్పకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లోపల ఒక మనిషి ఊపిరి లెక్కపెట్టుకుంటుంటే ఇక్కడ పంచాంగం చూస్తున్నారు. "పదకొండుకు ఏమన్న ఉన్నదా? గుళిక కాలం, వర్జ్యం, ఏదన్న?"

"ఏం లేదు. పదకొండు మంచిగున్నది. అమ్మతోడు."

పదకొండులోంచి ఐదున్నర తీస్తే ఐదున్నర. అది ఎక్కించి, మళ్లీ మెయిన్ దగ్గరికి చేయి చాపేలోపు గది తలుపు తెరుచుకుంది. బయ్యర్ నిలబడి ఉన్నాడు. వెనక ఇద్దరు బౌన్సర్లు ఉన్నారు.

"విద్యుత్తుకు ఎందుకు అంతరాయం కలిగినది?"

"మోటరు సాబ్" అన్నాడు రామేశ్వర్, నేల చూస్తూ.

బయ్యర్ బాలప్ప వైపు తిరిగాడు. "మీ నామధేయమేమి?"

"కుమార్ సాబ్. నెట్ రిపేరు."

"బాలప్ప అను వ్యక్తిని ఎరుగుదువా?"

బాలప్ప ముఖం విసుగ్గా పెట్టాడు. "మా దిక్కు గల్లీకొక బాలప్ప ఉన్నడు సాబ్. ఏ బాలప్ప?"

బయ్యర్ కాసేపు చూశాడు. కానీ అతని మనసు అక్కడ లేదు. ముఖం పాలిపోయి ఉంది. వ్యాన్ బయల్దేరే ముందు పెట్టె విప్పి చూసుకున్నాడు. అందులో గులాబీలే ఉన్నాయి, చిప్ లేదు. చిప్ ఎవరి దగ్గర ఉందో, ఆ మనిషి ఎక్కడ ఉందో అతనికి అర్థమైపోయింది.

"రామేశ్వర్, ఆ ద్వారమును తెరువుము."

"రాహుకాలం సాబ్" అన్నాడు రామేశ్వర్. ఈసారి కళ్లలోకి చూస్తూనే అన్నాడు. "మీరే పెట్టించిన్రు గద."

బయ్యర్ పిస్తోలు తీసి రామేశ్వర్ బొట్టుకు ఆనించాడు. "తెరువుము."

"ఆగుండ్రి సాబ్!" బాలప్ప చేతులెత్తాడు. "గా తాళం నెట్ మీద నడుస్తది. నెట్ లేక మొండికేసింది. నేను మెయిన్ ఒక్కసారి బంద్ చేసి ఎయ్యాలె. నెట్ తగిలిందంటే తీస్తది."

రాహుకాలం ఎక్కించింది బయ్యర్ మనుషులే అయినా, ఆ డబ్బా ఎలా నడుస్తుందో అతనికి తెలియదు. అలాంటి పెద్దమనుషులు మన ఆఫీసుల్లోనూ ఉన్నారు. "శీఘ్రముగా చేయుము" అన్నాడు.

అందరూ కోల్డ్ రూమ్ ముందుకు వచ్చారు. ముళ్లు తీసే ఆడవాళ్లు పని ఆపేసి గోడకు ఒదిగారు. బాలప్ప ఆఫీసు గదిలో మెయిన్ కట్టేసి, మళ్లీ వేసి, పరుగున వచ్చాడు. లైటు ఎర్రగా కొట్టుకుంటోంది. బాలప్ప ఫోన్ తెరలో రౌటర్‌ను చూస్తున్నాడు. బోర్డు వైఫై పట్టుకుంది. టైమ్ అడిగింది. అగ్గిపెట్టె వరకూ ఆ ప్రశ్న రాలేదు.

ఇదొక దరిద్రం. టైమ్ అడిగే ఆ చిన్న మెసేజ్ చేరిందా లేదా అని ఎవరూ చూడరు. గాల్లో పోతే పోయినట్టే. బోర్డు కాసేపు ఎదురుచూసి, విసిగి, మళ్లీ అడగాలి. ఆ కాసేపటిని ఎవరూ తొందరపెట్టలేరు.

"మూడు లెక్కించెదను" అన్నాడు బయ్యర్. పిస్తోలు రామేశ్వర్ కణత మీద ఉంది. "ఒకటి."

బాలప్ప మనసులో ఒక్కటే ఉంది. అడుగు తల్లీ, ఇంకొక్కసారి అడుగు. లోపలి నుంచి చప్పుడు లేదు. ఆమె ఉందో పోయిందో తెలియదు. తను 'నీకేం గాదు' అన్న మనిషి.

"రెండు."

అంతమ్మ పెద్దగా ఏడుపు అందుకుంది. తెర మీద ఒక గీత కదిలింది. బోర్డు మళ్లీ అడిగింది. అగ్గిపెట్టె ఐదున్నర అని చెప్పింది.

"కొట్టుండ్రి సేఠ్!"

రామేశ్వర్ నంబర్ కొట్టాడు. లైటు పచ్చగా మారింది. గడియ గర్రుమని వెనక్కి జరిగింది. ఆ తాళానికి ఇప్పుడు మంగళవారం పొద్దున పదకొండు, దివ్యమైన ముహూర్తం.

తలుపు తెరుచుకోగానే తెల్లటి పొగ నేల మీద నుంచి బయటికి పొర్లింది. గడప దగ్గర పెట్టిన నిమ్మకాయ దీపాలు రెండూ ఆరిపోయాయి. మనోజ్ఞ నేల మీద లేదు. ఊపిరి కోసం అన్నిటికంటే పై అరలోకి ఎక్కి, గులాబీ కట్టల మధ్య ముడుచుకుని ఉంది. కళ్లు మూసి ఉన్నాయి.

బయ్యర్ ముందు దూసుకెళ్లాడు. ఆమె చేతిసంచి కింద పడి ఉంది. చిప్ అందులోనే ఉంటుందనుకుని మోకాళ్ల మీద కూర్చుని, ఆ పొగలో తల పెట్టి వెతకడం మొదలుపెట్టాడు. డ్రై ఐస్ పెట్టించిన మనిషే ఆ సంగతి మరిచాడు. రెండు మూడు ఊపిర్లు పీల్చేసరికి దగ్గు తెర వచ్చింది, చెయ్యి పట్టు తప్పింది, పిస్తోలు జారింది. బాలప్ప ఊపిరి బిగబట్టి లోపలికి ఉరికాడు. పిస్తోలును కాలితో బయటికి తన్ని, అర పట్టుకుని ఎక్కి, మనోజ్ఞను భుజం మీద వేసుకుని బయటపడ్డాడు. పిస్తోలు నేరుగా అంతమ్మ కాళ్ల దగ్గరికి వెళ్లింది. ఆమె దాని మీద గులాబీల తట్ట బోర్లించి పైన కూర్చుంది.

బయ్యర్ పాక్కుంటూ గడప దాటాడు. దాటగానే రామేశ్వర్ అతని వీపు మీద కూర్చున్నాడు. ఆయన బరువు మీకు ముందే చెప్పాను. బయ్యర్ "ఇది అన్యాయము" అని మాత్రం అనగలిగాడు.

బౌన్సర్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "డిపార్ట్‌మెంట్ వాళ్లు గేటు కాడ ఉన్నరు. ఉరుకుతరా, ఉంటరా?" అన్నాడు బాలప్ప. గేటు దగ్గర అప్పటికి ఎవరూ లేరు. వాళ్లు ఆ మాట నమ్మి, పిస్తోళ్లు కింద పెట్టి, పూలు పెంచే పాలీహౌసుల మధ్య నుంచి చిలుకూరు వైపు పరిగెత్తారు. సాయంత్రం ఒక ఆటోలో దొరికారు.

బాలప్ప మనోజ్ఞను ఎండలో పడుకోబెట్టాడు. చెంపలు రుద్దాడు, అరచేతులు రుద్దాడు. "మనోజ్ఞా, కళ్లు తెరువ్. తెరువ్ తల్లీ." అంతమ్మ తన కొంగు తీసి ఆమె మీద కప్పింది. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత మనోజ్ఞ గట్టిగా ఊపిరి లాగి, దగ్గి, కళ్లు తెరిచింది. బాలప్ప అక్కడే మట్టిలో కూలబడ్డాడు. కళ్లల్లో నీళ్లు వచ్చాయి, దాచుకోలేదు.

ఆమె కొప్పులోని మల్లెదండ తడిమి, చిప్ తీసి అతని చేతిలో పెట్టింది.

"పొద్దున్నే తీసిన" అంది. పళ్లు కొట్టుకుంటున్నాయి. "బాలప్పా, నీ పేరు చెప్పిన."

"విన్న."

"తల మీద పిస్తోలు పెట్టిండు. భయమైంది, చెప్పిన. ఏషం మాత్రం చెప్పలే. నెట్ పనికొస్తవని చెప్పలే. ఎంత కొట్టినా చెప్పలే."

అప్పుడు చూశాడు బాలప్ప. ఆమె నల్లద్దాలు ఎక్కడో పడిపోయాయి. ఎడమ కన్ను కింద నల్లగా కమిలి ఉంది.

"విన్నవు గద. ఇగ ఎందుకొచ్చినవ్?"

"నీకేం గాదన్నది నేనే గద" అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, అంబులెన్స్ చేవెళ్ల దవాఖానకు చేరేదాకా వదల్లేదు.

దవాఖాన వరండాలో ఉండగా కృష్ణవేణి ఫోన్ వచ్చింది.

"చిప్ అందింది. బయ్యర్ మన దగ్గరున్నాడు. నువ్వు వదిలేసి వచ్చుంటే మేం ఉత్త గులాబీల వెనక ఎయిర్‌పోర్టు దాకా పోయేవాళ్లం. ఒప్పుకుంటున్నాను. కానీ ఒక సమస్య ఉంది. మధ్యాహ్నం రికార్డింగ్. ఆమె ఏజెంట్ పేరు శత్రువుకు చెప్పింది. అది రిపోర్టులోకి వెళ్తే ఆమె మన సాక్షి కాదు, ముద్దాయి. జైలుకు పోతుంది."

"ఏ రికార్డింగ్ మేడం?"

"నేనే కదా నీకు ఫోన్‌లో చెప్పింది. బయటికి వచ్చెయ్యమని ఆర్డర్ కూడా ఇచ్చాను. నువ్వు సరే అన్నావు."

బాలప్ప కిటికీలోంచి లోపలికి చూశాడు. మంచం మీద మనోజ్ఞ రెండు దుప్పట్లు కప్పుకుని, అంతమ్మ పట్టుకున్న టీ గ్లాసులోంచి కొద్దికొద్దిగా తాగుతోంది.

"నాకు ఒక్క ముక్క ఇనవడలే మేడం. మొయినాబాద్ల సిగ్నల్ సంగతి మీకు తెల్వంది గాదు గద. నెట్ గూడ బంద్ ఉండె."

అవతల రికార్డింగ్ మళ్లీ ఆన్ చేసిన క్లిక్ వినిపించింది. బాలప్ప ఉద్యోగమా, మనోజ్ఞ బతుకా అన్నది ఇక ఆమె జవాబులోనే తేలాలి.

"అవునులే" అంది కృష్ణవేణి చివరికి. గొంతు కాస్త మెత్తబడింది. "ఆ రికార్డింగ్ కూడా గరగరమంటోంది. ఏం పేరో నాకూ సరిగ్గా తెలియట్లేదు. చెరిపేస్తాను. నువ్వు పోయి ఆ వైరు అతికించు, షెడ్డు నుంచి కంప్లైంట్ వచ్చింది."

ఆ మధ్యాహ్నం మొయినాబాద్‌లో సిగ్నల్ నిండా ఉందన్న సంగతి నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు, దయచేసి ఇక్కడితో ఆపేద్దాం.